లేబుల్ మాట వినని బావ

బావకున్నది ఒక్కటే జబ్బు. వస్తువు మీద అచ్చేసిన అంకెను నమ్మడు. ఎనిమిదని రాసుంటే తొమ్మిది చేస్తుందంటాడు. తొమ్మిది చేస్తే, పదెందుకు చేయవని దానితోనే పోట్లాటకు దిగుతాడు. "ఇంకొంచెం" అన్నది ఆయన ఊతపదం. వీధిలో పిల్లా పెద్దా ఆయన్ని 'ఇంకొంచెం' అనే పిలుస్తారు. అసలు పేరేమిటో పోస్టుమాన్ కూడా మరిచిపోయాడు.

ఈ జబ్బు ఉద్యోగంలో అంటుకున్నదే. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశాడు మరి. "పదకొండు మంది బరువేసి లాగించి చూశాకే, లిఫ్టులో ఎనిమిది మంది అని రేకు కొడతార్రా బామ్మర్దీ. రాసేవాడెప్పుడూ భయస్తుడే. మోసేదానికే ధైర్యముంటుంది" అనేవాడు.

బామ్మర్దంటే బావ భార్యకు తమ్ముడు. ఇళ్ళ ప్లాన్లు గీసుకునే మనిషి, గీత గీసేముందు రెండుసార్లు కొలిచే రకం. అలాంటివాడికి ఇలాంటి బావ దొరకడం గుడ్లబుట్ట పక్కన రోకలి పెట్టినట్టే.

ఆరు కిలోల బట్టలు పట్టే వాషింగ్ మిషన్లో ఒకరోజు బావ ఇంట్లో ఉన్న కర్టెన్లన్నీ కుక్కాడు. అది గడగడలాడుతూ పెరటి గదిలోంచి బయల్దేరి, నడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"ఏమండీ, మీ మీద నాతో చెప్పుకోవడానికొచ్చింది" అంది అక్క, గరిటె తిప్పడం ఆపకుండా.

"చూశావా! ఉతకడమే కాదు, నడుస్తుంది కూడా. ఆ సంగతి లేబుల్ మీద రాశాడా వాడు?"

రిటైరయ్యాక బావ కంప్యూటర్ మీద పడ్డాడు. అందులోకి మెమరీ కావాలి. జానెడు కూడా లేని పచ్చ పలక, ర్యామ్ అంటారు. షాపులో అన్నిటికన్నా చవకది తెచ్చాడు. దాని మీద వేగం 2666 అని రాసుంది. ఇక చూస్కోండి, బావకు పూనకమొచ్చింది. కంప్యూటర్ పూర్తిగా నిద్ర లేవకముందే సెట్టింగుల్లోకి చొరబడి 2800 చేశాడు. నడిచింది. 2933 చేశాడు. రొప్పుతూ నడిచింది. 3200 చేశాడు. తెరంతా నీలంగా మారిపోయి, నా వల్ల కాదని చేతులెత్తేసింది.

అప్పట్నించీ ఆ నీలితెర ఆ ఇంటికి రోజూ వచ్చే చుట్టమైంది. లిఫ్టుల్లో అద్దాలు పెట్టమని పాత కంపెనీకి బావ ఒక ఉత్తరం మొదలుపెట్టాడు. పదకొండుసార్లు "అయ్యా" దగ్గరే నీలితెర దిగింది.

"లేబుల్ మీదున్నదే పెట్టుకోవచ్చుగా బావా?"

"ఎందుకు పెట్టాలి? చవకగా పుట్టినంత మాత్రాన చవకగానే బతకాలా?"

"దాని బతుకు సంగతి తర్వాత. నువ్వు 'అయ్యా' తర్వాత ఇంకో మాటైనా రాస్తావని నా ఆశ."

ఆ రోజుల్లోనే బామ్మర్ది పాత యజమాని దగ్గర పని మానేసి, మేడమీది ఒంటిగదికి సొంత బోర్డు తగిలించాడు. "నీ చెయ్యి బాత్రూముల ప్లాన్ల దాకానే. ఆరు నెలల్లో తిరిగొస్తావులే, కుర్చీ ఉంచుతాను" అని నవ్వాడు యజమాని. ఆరో నెల నడుస్తోంది, చెప్పుకోదగ్గ పని ఒక్కటీ రాలేదు. మిగిలిన ఆశల్లా కొత్త గ్రంథాలయ భవనానికి పెట్టిన నమూనాల పోటీ. మనిషి భవనంలో తిరుగుతున్నట్టు చూపే వీడియో ఒకటి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు ఇవ్వాలి. ఒక్క నిమిషం దాటినా తీసుకోరు. ఇది పోతే ఇక బామ్మర్ది సోమవారం వెళ్ళి ఆ పాత కుర్చీలో కూర్చోవడమే.

ఆ వీడియో తయారు కావాలంటే కంప్యూటర్ ముప్పై గంటలు ఆగకుండా నడవాలి. నడుమ పడిపోతే మళ్ళీ మొదటికే. ఆ కంప్యూటర్ బిగించి ఇస్తానన్నది ఎవరనుకున్నారు? బావే.

"డబ్బాలో నాలుగు ముక్కలు బిగించడానికి రెండు నెలలా బావా?"

"ఇంకొంచెం ఆగు."

బుధవారం సాయంత్రం తెచ్చిచ్చాడు. గురువారం పొద్దున తొమ్మిదింటికి, మొదలుపెట్టేముందు ఎందుకైనా మంచిదని బామ్మర్ది పక్క మూత తీశాడు. లోపల అదే చవక ర్యామ్, అదే లేబుల్, నాలుగు పలకలు. "కొంప ముంచాడు!" అని కంప్యూటర్ల షాపాయనకు ఫోన్ చేశాడు. ఆయన పరుగున వచ్చి సెట్టింగులు తెరిచాడు.

"ఎంతకు పెంచాడు?" అన్నాడు బామ్మర్ది.

"ఏమీ పెంచలేదు సార్. రాసున్న 2666 మీదే ఉంది."

"మా బావా? సరిగ్గా చూడండి."

షాపాయన మళ్ళీ చూశాడు. తర్వాత లోపలికి తొంగి చూసి, "ఓహో, ఇక్కడికి చేరాయా ఇవి!" అన్నాడు.

"ఏవి?"

"మీ బావగారు నా దగ్గర ఎనిమిది పలకలు తీసుకున్నారు. రెండు నెలలుగా ఒక్కొక్కటీ తన మిషన్లో పెట్టి 3200 దాకా తరిమి తరిమి చూశారు. నాలుగు పడిపోయాయి, నాలుగు నిలబడ్డాయి. నిలబడ్డవి మీకు బిగించారు. పరుగెత్తగలిగినవాటిని నడిపిస్తున్నారు సార్, ఇవి పడమన్నా పడవు."

"మరి పడిపోయినవి?"

"వెనక్కి తీసుకుంటానన్నాను. 'రాసిన వేగానికి నడుస్తాయిగా, నీ తప్పేముంది' అన్నారు. తన మిషన్లోనే పెట్టుకున్నారు."

బామ్మర్ది మూత బిగించాడు. సరిగ్గా పదింటికి మీట నొక్కాడు. మర్నాడు సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలకు పనైపోయింది. నడుమ ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు ఆ మిషన్.

పోటీ ఆఫీసులో పాత యజమాని ఎదురుపడ్డాడు. "వచ్చావా! చవక మిషన్ మీద చేశావటగా?"

"అవునండీ. దాని మీద రాసింది మాత్రం నమ్మకండి" అని బామ్మర్ది వీడియో ఇచ్చి, నాలుగూ నలభై అని ముద్రేయించుకుని, తిన్నగా బావ ఇంటికి పోయాడు.

బావ నీలితెర ముందు కూర్చుని ఉన్నాడు. "అందిందా?"

"అందింది. నాలుగుంపావుకి ఐదు నిమిషాల ముందు పూర్తయింది."

"అంత ఆలస్యమా! 3200 పెట్టుంటే మూడున్నరకే అయ్యేది."

"మరి పెట్టలేదేం?"

బావ ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరాడు. "నేను లేబుల్‌కి లొంగానని బయట అన్నావంటే కాళ్ళు విరగ్గొడతాను" అన్న మాట బల్ల కిందనుంచి వచ్చింది.

"షాపాయన అంతా చెప్పాడు. నా పనైపోయిందిగా, ఆ మంచివాటిలో రెండు తీసుకో బావా. ఈ మొద్దులతో నీకెందుకు తంటా?"

తల బయటికొచ్చింది. "మొద్దులా? గట్టివాటిని ఎక్కించడం ఎవడైనా చేస్తాడ్రా! నిన్న ఇవి ఏడుస్తూ ఏడుస్తూ 2800 ఎక్కాయి. వేడెక్కిపోతున్నాయంతే, గాలి చాలక."

బామ్మర్ది గది చుట్టూ చూశాడు. మూలనున్న అట్టపెట్టె మూత చింపి, చొక్కా చేతులు పైకి మడిచి, మిషన్ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకున్నాడు. అట్టతో ఎడాపెడా విసరడం మొదలెట్టాడు.

కాఫీ గ్లాసులతో వచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అక్కడ పెట్టక్కా, చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు బామ్మర్ది. "ఊఁ, పెంచు బావా!"