అదే పూట దొరికే గోలీ

మంజులక్కది చిక్కడపల్లి. ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. వారంలో కొన్ని దినాలు నారాయణగూడ దిక్కున్న ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో కూర్చుంటుంది. అక్కడికి దెబ్బలతోనో జ్వరంతోనో వచ్చినవాళ్లకు, వాళ్లు సరేనంటే, హెచ్ఐవీ పరీక్ష కూడా చేస్తారు. ఉందని తేలితే, డాక్టర్ మిగతావన్నీ చూసుకుని అదే పూట మందు మొదలుపెడతారు. ఆ మాట విని కూలబడ్డ మనిషి పక్కన కూర్చోవడం మంజులక్క పని. ఒకప్పుడు ఆ మాట ఆమె కూడా విన్నది.

ఈ పనిలో ఆమె చాలా ఓపిక గలదని అందరూ అంటారు. చీర ఇవ్వడానికి వెళ్లిన నాతో మాత్రం ఒకరోజు, కుడుతూ కుడుతూ తలెత్తకుండానే అంది:

"ఆడికొచ్చేటోళ్లను చూస్తే నాకు కుళ్ళు. జాలి గాదు, కుళ్ళు."

మొగుడూ పెళ్లాం కలిసొచ్చి, కలిసి గోలీ మింగిపోతే కుళ్ళు. అక్కడి రాగిణి డాక్టర్ రోగి భుజం మీద చెయ్యి వేస్తే కుళ్ళు. రోజుకు ఒక్కటే గోలీ అంటే మరీ కుళ్ళు. మొదట్లో ఆమె మింగినవాటికి తల తిరిగేది, ఒళ్లంతా దద్దుర్లు. భర్త జైపాల్‌కు అవి కూడా అందలేదు. అప్పటి పద్ధతిలో, ఒంట్లో రోగాన్ని తట్టుకునే బలం బాగా పడిపోతేనే మందు. "నీ కౌంటు మంచిగనే ఉంది, తర్వాత రా" అని పంపించారు. ఆ తర్వాత రాకముందే టీబీ వచ్చింది, మనిషి పోయాడు.

ఈ మధ్య ఒక పిల్లగాడు వచ్చాడు. అసలు పేరు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. శ్రీనాథ్ అనుకుందాం. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. బషీర్‌బాగ్‌లో బండి మీంచి పడి మోచెయ్యి చీరుకుపోయింది. కట్టు కడుతూ పరీక్ష చేస్తే ఉందని తేలింది. మళ్లీ చేసినా అదే. రాగిణి డాక్టర్ గోలీల సీసా చేతికిస్తే, తీసి బల్ల మీద పెట్టాడు.

"మెయిన్స్ అయినంక మొదలుపెడత మేడం."

అశోక్ నగర్‌లో ఇది మామూలు మాటే. పన్ను పుచ్చినా, పెళ్లిచూపులైనా, అన్నీ పరీక్ష అయినంకనే. పరీక్ష వాయిదా పడితే పన్ను కూడా వాయిదా పడుతుంది.

డాక్టర్ ఎంత చెప్పినా వినలేదు. ఇట్లా వెళ్లినవాడు మళ్లీ రావడం కష్టమని ఆమెకు తెలుసు. మంజులక్క వంక ఒకసారి చూసి, లేచి వెళ్లింది.

భయపడకు బిడ్డా, నేను లేనా అని రోజూ చెప్పే మాటలు ఆ పూట మంజులక్క నోటికి రాలేదు.

"నిన్ను చూస్తే నాకు కుళ్ళు పుడుతున్నది తమ్మీ."

పిల్లగాడు బిత్తరపోయాడు. "నన్ను జూసా? నాతాన ఏమున్నదక్కా కుళ్ళుకోనీకి?"

"గా సీసా. మా ఆయన దానికోసం ఎన్నిసార్లు తిరిగిండో తెలుసా? జబ్బు ఇంకా ముదరలే, పో అన్నరు. ముదిరినంక ఆయన మంచం దిగలే. నీకు పిలిచి చేతిల పెడుతుంటే పక్కకు జరుపుతున్నవ్. గంత ఎక్కువైందా నీకు?"

"తల తిరిగితే ఎట్లక్కా? ఈసారన్న మెయిన్స్ కొట్టాలె."

"తిరిగిన తల నాది, పాత గోలీలతోని. గీ గోలీకి శానామందికి ఏం గాదు. ఏమన్న అయితే ఫోన్ జెయ్యి, డాక్టరమ్మ చూస్తది. మందేసుకోక పరీక్ష దినమే జ్వరంతోని పడితే ఏం రాస్తవ్, నీ పేరా?"

వాడు గొంతు తగ్గించాడు.

"రూమ్‌ల నలుగురం అక్కా. సీసా తీస్తే గలగలమంటది. ఏందిర అది అని అడుగుతరు."

ఆమె నర్సు దగ్గర దూది అడిగి తెచ్చి, సీసాలో కుక్కి, వాడి చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు. వాడు సీసా తీసుకుని తనూ ఒకసారి ఊపి చూశాడు. తర్వాత మూత తీశాడు. నీళ్లు మంజులక్కే పట్టింది. గోలీ గొంతు దిగేదాకా కదలకుండా నిల్చుంది.

నెల తిరగ్గానే రెండో సీసాకు తనే వచ్చాడట.

"అప్పుడన్నా తగ్గిందా అక్కా, కుళ్ళు?" అని అడిగాను.

"యాడ తగ్గుతది? ఇంక ఎక్కువైంది. ఎవలో పిల్లగానికి నీళ్లు పట్టిన. మా ఆయనకు పట్టుదమంటే అప్పుడు గోలీ ఏది?"