తీగ మీది చిలకపచ్చ చీర

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. ఆ పొద్దున నేను పాలిషింగ్ యూనిట్‌లో లారీకి ఎక్కే బండలు లెక్కబెడుతుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. "జల్ది రా. పెద్దమ్మను లేపితే లేస్తలేదు" అంది. నేను పోయేసరికి వాకిట్లో నలుగురు చేరారు. లోపల ఆమె గోడ దిక్కు తిరిగి పడుకున్నట్టే ఉంది. బయట తీగ మీద ఆమె చిలకపచ్చ చీర ఆరేసి ఉంది. నాకు ముందు కనబడింది ఆ చీరే.

ఆమె మాకు చుట్టం కాదు. మేం దోమ అనే ఊరి నుంచి తాండూరు వచ్చి, ఆమె పక్కిల్లు కిరాయికి తీసుకున్న రోజు నుంచి పెద్దమ్మ అని పిలిచాం, అంతే. కందిపప్పు మిల్లులో పప్పు చెరిగే పని చేసేది. ఒక్కడే కొడుకు. బండల అడ్డా మీద కొట్లాటలో గడ్డపార ఎత్తాడు, దెబ్బ తిన్న మనిషి బతకలేదు. యావజ్జీవం పడింది. రాష్ట్రానికి ఆ చివరనున్న జైలుకు పంపారు. కొడుకు తప్పు చేయలేదని ఆమె ఎప్పుడూ అనలేదు. "చేసిండు, పడాలె. శిక్ష తగ్గియ్యమంటలేను కొడుకా. జర దగ్గరికి తెమ్మంటున్న, గంతే" అనేది.

నెలకోసారి జైల్లో కొడుకును చూసేందుకు ములాఖత్‌కు పోయేది. ముందు రోజు ఆ చిలకపచ్చ చీర పిండి తీగ మీద వేసేది. వీధిలో అందరికీ అది గుర్తు. చీర కనబడితే, రేపు పెద్దమ్మ ఊర్లో ఉండదు.

"ఏం పెద్దమ్మా, ఎప్పుడు చూసినా గదే చీరనా? పెళ్లిపిల్ల లెక్క" అని మా ఆవిడ ఏడిపించేది.

"నీకేం తెలుసే. ఇనుప జాలీ కాడ ముప్పై మంది ఆడోళ్లం నూకులాడుతం. వానికి నేను యాడ దొరుకుత? పచ్చ చీర చూసి ఈడికే వస్తడు" అనేది.

కొడుకు ఏమన్నాడని అడిగితే ఒకటే జవాబు. "జాలీకి అవతలున్నోడు ఏమంటడు, తిన్నవానే అంటడు. ఇవతలున్నదాన్ని నేనేమంట, తిన్న అంట." ఎన్నోసార్లు తినకుండానే ఆ మాట చెప్పిందని నాకు తెలుసు. పోనురాను రెండు రోజులు. రైలు దిగి రెండు బస్సులు మారాలి. గేటు తెరిచేదాకా చెట్టు కింద కూర్చోవాలి.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. బండల మీద సుద్దతో సైజులు రాస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. అందుకేనేమో రాసినదంటే నాకు భయం, భక్తి. ఏ రోజు ఎన్ని బండలు లోడైనవి, వాన పడిందా, మిషన్ ఆగిందా, అన్నీ రోజూ ఒక పుస్తకంలో రాస్తాను. పెద్దమ్మ ములాఖత్‌కు పోయిన రోజులు కూడా అందులో ఉండేవి. కొడుకును దగ్గరి జైలుకు మార్చమని దరఖాస్తు పెట్టాలని ఆమె నా దగ్గరికి వచ్చినప్పుడు, ఆ పుస్తకం ముందేసుకుని నేనే రాశాను. అయిదేళ్ల తేదీలన్నీ వరుసగా ఎక్కించాను. ఒక్క నెల కూడా తప్పకుండా కొడుకును చూస్తూ వచ్చిన తల్లి అని రాశాను. ఆ మాట చదివి వినిపిస్తే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను గొప్పగా రాశాననుకున్నాను.

కొన్ని నెలలకు జవాబు ఇంగ్లీషులో వచ్చింది. ఇద్దరం వికారాబాద్ పోయి ఒక వకీలు సాబ్‌కు చూపించాం. ఆయన చదివి, నేను రాసిన నకలు కూడా చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరు రాసింది భాయ్ గిది?"

"నేనే సాబ్."

"తల్లి ప్రతి నెలా వచ్చి కలుస్తనే ఉన్నదని మీరే రాసిన్రు. కలిసేటందుకు ఇబ్బంది ఏమున్నది, మార్చే అవసరం లేదు అంటున్నరు వాళ్లు. నీ కాగితమే నిన్ను కొట్టింది కదా మియా."

నేను నా నకలు తీసుకుని మడిచాను. పెద్దమ్మే అంది: "ఆయన ఉన్నదే రాసిండు సాబ్. ఆయన్ని ఏమనకు."

ఆమె ములాఖత్‌కు పోయిన తేదీలు నా పుస్తకంలో ఉన్నాయి. ఆమె పస్తున్న పూటలు, చెట్టు కింద కూర్చున్న గంటలు లేవు. నేను చూసిందే రాస్తాను, అవి నేను చూడలేదు.

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "ముసల్దాన్నైన, పోతలేను అని రాయరాదు కొడుకా?"

"పోతున్నవు గదా పెద్దమ్మా. గేటు కాడ రిజిస్టర్ల నీ పేరుంటది. అబద్ధమైతది" అన్నాను.

"అయితే పోను. మూన్నెల్లు పోను. గప్పుడు నిజమైతది గదా?"

అక్కడ నేను వద్దనాల్సింది. అది ఒక్క మాటే. నేను అనలేదు. మూడు నెలలైతే సరిపోతుంది, డాక్టరు కాగితం కూడా పెడదాం అన్నాను.

మొదటి నెల తీగ ఖాళీగా ఉంది. రెండో నెలా అంతే. జైలు నుంచి కొడుకు ఫోన్ చేస్తే మోకాళ్లు లేస్తలేవని చెప్పేది. ఒకసారి నా ముందే చెప్పింది. ఫోన్ పెట్టేసి మిల్లుకు గబగబా నడుచుకుంటూ పోయింది. నేను కాగితం మీద ఒక్క అబద్ధం రాయనన్నందుకు, ఆమె కన్నకొడుకుతో నెలనెలా అబద్ధమాడింది. మూడో నెల ములాఖత్‌కు ఒక్క రోజు ముందు చనిపోయింది.

కొడుకును పోలీసు బండిలో తెచ్చారు. రెండు గంటలిచ్చారు. తల వెంట్రుకలు నెరిశాయి. అన్నీ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"మోకాళ్లు గంత ఖరాబైనయా అన్నా?"

"ఔ తమ్మీ" అన్నాను.

అతను తీగ దిక్కు చూశాడు. బండల దుమ్ము పడి చీర అప్పటికే తెల్లబారింది. అంచు పట్టుకుని చూసి, "మరి గిది ఎందుకు పిండింది?" అన్నాడు.

టైమైందని పోలీసాయన పిలిచాడు. నేను జవాబు చెప్పకుండా తప్పించుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆవిడ చెప్పింది. చనిపోయే ముందు రోజు పెద్దమ్మ, రైలు పాత టైముకేనా అని అడిగిందట. "ఇగ నాతోని కాదే, పోయి చూసొస్త. మీ ఆయనకు చెప్పకు, లెక్క తప్పింది అంటడు" అందట.

రెండో దరఖాస్తు సగం రాసి ఉంది. తల్లి రాలేకపోతున్నది అనే చోట ఆగింది. ఇప్పుడది నిజమే. కానీ దగ్గరికి తెమ్మని ఎవరి పేరున అడగను?

ఈ నెల ములాఖత్‌కు నేను పోతున్నాను. మోకాళ్లకు ఏమీ కాలేదని చెప్పాలి. వద్దని అననిది నేనేనని చెప్పాలి. విని అతను మొహం తిప్పుకున్నా, వచ్చే నెల మళ్లీ పోతాను. జాలీ దగ్గర ఆ తోపులాటలో నన్నెలా పోల్చుకుంటాడని మా ఆవిడను అడిగాను. ఆమె ఈ పొద్దున ఆ చీర దుమ్ము పోయేలా పిండి, అదే తీగ మీద వేసింది, నేను భుజాన వేసుకుని పోవడానికి.

కూరగాయల బండి తోసుకుంటూ పోయే ఆమె చూసి, అలవాటు కొద్దీ కేకేసింది. "ఏం పెద్దమ్మా, రేపు ములాఖతా?" అన్నాక నాలుక కరుచుకుని అక్కడే నిలబడిపోయింది. చీర అంచు నుంచి నీళ్లు కింద బండ మీద ఒక్కొక్క చుక్క పడుతున్నాయి.