బూజు పట్టిన ఎరువు, నిలబడిన నారు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి, మా తోడికోడలి మిరపనారు సంగతి చెబుతాను. నా కంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను.

నిరుడు ఆమె నారుమడికి కుళ్ళు తెగులు తగిలింది. పొద్దున నిటారుగా ఉన్న మొక్క సాయంత్రానికి మొదలు మెత్తబడి వాలిపోయేది. ఈసారీ నారు పోతే కారంపూడి దారిలోని చేను కౌలుకిచ్చేస్తానని బావగారు తేల్చేశారు. ఆ చేలో అడుగు పెట్టకపోతే అక్కకు అన్నం సహించదు.

అందుకని రోహిణి కార్తె ఎండల్లో మడిని బాగా తడిపి, పలుచటి ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు మట్టితో మూసింది. కొన్నాళ్ళకు పట్టా కింద చెయ్యి పెట్టి చూశాను, చురుక్కుమంది.

"లోపలున్న తెగులంతా ఉడికి సావాల," అంది అక్క.

"మరి మట్టికి మేలు చేసేవో?"

"అయ్యీ చానా పోతయ్. అందుకేగా నేను మళ్ళీ పెంచేది."

పాక నీడలో ఆమె పెంచుతున్నది అదే. పురుగుమందుల కొట్లో తెచ్చిన ట్రైకోడెర్మా పొడిని, అంటే కుళ్ళు తెగులును తినేసే మేలు బూజును, మాగిన పశువుల ఎరువులో కలిపి, బెల్లం నీళ్ళు చిలకరించి, తడి గోనెసంచులు కప్పింది. ఎరువు మీద తెల్లగా, అక్కడక్కడా పచ్చగా బూజు అల్లుకుంది.

మా అత్త ఆవకాయ జాడీ దగ్గరికి తడిచేత్తో ఎవరినీ రానివ్వని మనిషి. సంచి ఎత్తి చూసి అదిరిపోయి, ఉప్పు తెచ్చి చల్లడం మొదలుపెట్టింది. ఒక గంపెడు ఎరువు పాడయ్యాక అక్క చూసింది.

"అత్తా, ఆగు! ఏంది నువ్వు చేసేది?"

"బూజే! కళ్ళు కనపడట్లా? ఉప్పేస్తే ఆగిద్ది."

"దాంతోపాటు నా నారూ ఆగిద్ది! ఆ బూజు కోసమేగా రోజూ తడిపేది. ఇంక చల్లమాకు!"

"బూజును సాకేదాన్ని నిన్నే చూశా. మీ పుట్టింట్లో పచ్చళ్ళు గూడా ఇంతేనా?"

"మా అమ్మ పచ్చడని తెలవక, లొట్టలేసుకుంటా తిన్నావుగా!" అని కోపంలోనే నవ్వేసింది అక్క.

ఉప్పు పడినంత మేర తీసి అవతల పోసింది. పట్టా తీసి మడి చల్లారాక మిగిలిన ఎరువునే పలచగా కలిపి విత్తనం చల్లింది. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.

కోళ్ళు గీరి పట్టా చినిగిన మూలన కొన్ని మొక్కలు పడిపోయాయి. మిగతా మడిలో కలుపు చానా తక్కువ, నారు మాత్రం మొదళ్ళు గట్టిపడి నిలబడింది. బావగారు ఒక మొక్క పీకి, తెల్లగా గుబురుగా ఉన్న వేళ్ళను తిప్పి తిప్పి చూశారు.

"నాట్లకు కూలోళ్ళను ఎప్పుడు పిలుద్దామే?" అన్నారు.

"వాన పడనీ," అంది అక్క, మొక్కను ఆయన చేతిలోంచి తీసుకుని మళ్ళీ మడిలో గుచ్చుతూ.

విన్న మీ ఇల్లు చల్లగుండాలి. మీరు వేసిన విత్తు వేసినట్టే మొలవాలి.