సాయం పంపబడుతుంది

మా ఆఫీసులో క్లయింట్లతో మాట్లాడే టీమ్‌లోకి మారాలంటే ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. ప్రొద్దుటూరులో తెలుగు మీడియం చదివి వచ్చిన నాకు ఆ పరీక్ష పేరు చెబితేనే అన్నం సహించేది కాదు. అందులోనూ పాసివ్ వాయిస్. మస్ట్, షుడ్, విల్ లాంటి మాటల వెనక ‘బీ’ తగిలించి క్రియ రూపం మార్చాలి. పని చేసేదెవరో చెప్పకపోయినా వాక్యం పూర్తయినట్టే. మనం తెలుగులో అలా మాట్లాడం కదా, నాకది ఎంతకీ ఒంటబట్టలేదు.

పరీక్ష రోజు పొద్దున హైటెక్ సిటీలో మా టవర్ లిఫ్టు ఎక్కుతూ కూడా అవే గొణుక్కుంటున్నాను. లోపల నాతోపాటు ఒక పెద్దాయన ఉన్నారు. నార్సింగి నుంచి వచ్చారట. పైన పనిచేసే కూతురు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిందని, అది ఇవ్వడానికి వచ్చానని అడక్కుండానే చెప్పారు. ఆయన మాట్లాడుతుండగానే లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. లైట్లు ఆరాయి. కాసేపటికి నెత్తిన చిన్న దీపం ఒకటి వెలిగింది గానీ ఫ్యాను తిరగలేదు.

“ఏంది బిడ్డా, ఆగిపాయెనా?”

“కరెంటు పోయింటాది పెదనాయనా. వచ్చేస్తాది.”

రాలేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పెద్దాయన చొక్కా చెమటతో తడిసిపోయింది. గోడకున్న ఇంగ్లిష్ బోర్డు చూపించి, “గండ్ల ఏం రాసిన్రు? జర చదువు” అన్నారు.

తలుపులు బలవంతంగా తెరవకూడదు, అలారం నొక్కాలి, సాయం వస్తుంది. చెప్పిందంతా ఇంతే. కానీ అన్నీ పాసివ్ వాక్యాలే. ‘హెల్ప్ విల్ బీ సెంట్’ అన్న చివరి వాక్యం దగ్గర తడబడి, “సాయం పంపబడుతుందంట” అన్నాను.

“పంపబడుతదా? ఎవరు పంపుతరు?”

ఎవరో బోర్డులో లేదు. అలారం అప్పటికే నొక్కాను. అది బయట ఎవరికైనా వినిపించిందో లేదో కూడా తెలియదు. మళ్లీ నొక్కాను.

“మొన్ననే గుండెకు స్టెంట్ ఏసిన్రు బిడ్డా. ఊపిరాడుతలేదు” అంటూ ఆయన తలుపుల సందులో వేళ్లు దూర్చబోయారు. నేను ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను.

“వద్దు పెదనాయనా! మధ్యలో ఆగింటే పడిపోతాం.”

“మరి ఎవరొస్తరో చెప్పరాదూ?”

“సెక్యూరిటీ ఆయప్ప వస్తాడు. మెకానిక్‌ను పిల్చకొస్తాడు. వస్తానే ఉంటారు” అన్నాను. నిజంగా ఎవరైనా వస్తున్నారో లేదో నాకేం తెలుసు?

ఆయన మెల్లగా నేల మీద కూలబడ్డారు. నేను ఒక చేత్తో చున్నీ విసురుతూ, ఇంకో చేత్తో తలుపు బాదుతూ గొంతు పోయేలా అరిచాను. ఆయన పెదాలు ఎండిపోయాయి. “నా బిడ్డకు చెప్పు...” అని ఏదో మొదలుపెట్టారు.

“మీరే చెబుదురు గాని, ఉండండి!” అని కసిరాను. ఆ మాట పూర్తిగా విన్నానంటే ఆయన నా చేతుల్లోనే పోతారనిపించింది.

అప్పుడు పై నుంచి ఒక మగ గొంతు వినిపించింది. “లోపల ఎంతమంది ఉన్నరు?”

“ఇద్దరం! గుండె జబ్బు మనిషి ఉన్నాడు, తొందరగా రాండి!”

లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంది. తలుపులు తెరిచి ముందు ఆయన్ను పైకి లాగారు, తర్వాత నన్ను. నాన్న ఎంతకీ పైకి రాలేదని కూతురు అప్పటికే మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. నా ఫోన్ నంబర్ అడిగి తీసుకుని, ఆయన్ను దవాఖానకు తీసుకెళ్లింది. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. పరీక్ష టైము దాటిపోయిందని ఎవరో చెబితే ఊరికే తలూపాను.

సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. “నాన్నకు ఏం కాలే అక్కా, పరేషాన్ కాకు” అంది. అది విన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

పరీక్ష మళ్లీ పెట్టినప్పుడు రాశాను, పాసయ్యాను. లిఫ్టు మాత్రం ఇప్పటికీ ఒంటరిగా ఎక్కలేను. తలుపులు మూసుకునేటప్పుడు ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని బటన్ నొక్కి పట్టుకుని చూస్తాను. ఎవరూ రాకపోతే దిగిపోతాను.