బాపిరాజు గారి స్క్రూగేజీ

బాపిరాజు గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. కొలవకుండా దేన్నీ నమ్మరు. అమలాపురంలో ఓ కంటాసుపత్రిలో మిషను ముందు కూచుని జనం కళ్ళు కొలవడం ఆయన ఉద్యోగం. అక్కడితో ఆగితే ఎవరికీ బాధ లేకపోను. జేబులో పెన్ను ఉండాల్సిన చోట మందం కొలిచే స్క్రూగేజీ పెట్టుకుని ఊరి మీద పడతారు. పెళ్ళికెళ్ళి అప్పడం మందం కొలిచేరు. పలకరింపుకెళ్ళి, పోయినాయన పటం ఫ్రేము ఒక పక్క పలచగా ఉందని చెప్పొచ్చేరు.

వీరవేణి ఆయన్ని మొదట చూసింది పోతురాజు హోటల్లో, తగువు మధ్యలో. ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టెలు అమలాపురంలో ఇచ్చేసి, ఇడ్లీ తిందామని కూచుంది. పోతురాజు గోడ మీద 'పేపరు దోశ' అని బారెడు అక్షరాలు రాయించుకున్నాడు. బాపిరాజు గారు దోశని తుంచలేదు. స్క్రూగేజీ బిగించేరు.

"ఇది పేపరు కాదండి పోతురాజు గారూ, అట్ట."

"ఏటండీ ఆ మాట? ఇరవయ్యేళ్ళుగా పోస్తున్నానండి!"

"అంచు బాగానే ఉందండి. నడిమధ్యలో మూడింతలుంది."

"నా కంటికి సమంగానే ఉందండి!"

"ఆయ్. అదేనండి నేను చెప్పేది. కంటికి కనపడిందల్లా నమ్మకూడదండి."

హోటలంతా మూగింది. నాలుగు దోశలు కొలిచేరు. నాలుగూ అంతే. ఆఖరికి పోతురాజే చట్నీ చేత్తో మర తిప్పి చూసి, అట్లకాడ కింద పడేశాడు. మర్నాటికి గోడ మీద 'పేపరు' అన్న మాట సున్నం కింద దాక్కుంది. వీరవేణికి ఇడ్లీ కంటే ఆ తగువే రుచిగా ఉంది. ఒక్కటే అర్థం కాలేదు. గెలిచిన మనిషి దోశ తినకుండా, ఓడిన మనిషి భుజమ్మీద చెయ్యేసి పెరట్లోకి తీసుకెళ్ళి గుసగుసలాడ్డమేమిటి? బతిమాలుకుంటున్నాడు కాబోలు అనుకుంది.

ఆ ఆదివారం బాపిరాజు గారు వీరవేణి అరుగెక్కేరు. చదివింది రెండో తరగతే అయినా, ఆవిడ తీసిన రేకుని పంచాంగం మీద పరిస్తే తిథి వార నక్షత్రాలు చదవొచ్చని పేరు. బోర్లించిన కుండ కింద మంట సెగ చూసుకుంటూ, పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే చాలు, పొర లేచొచ్చేస్తుంది. ఆ రేకు మీద స్క్రూగేజీ పెట్టేడా మహానుభావుడు.

"పిన్నిగారూ, మధ్యలో మందంగా ఉందండి."

"మీ బుర్రలో ఉందండి మందం!"

"బుర్ర సంగతి తర్వాత కొలుద్దారండి."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే బాగోతం. పెట్టె కొంటారు, కొలుస్తారు, నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఒక్క రేకైనా నోట్లో పెట్టుకోరు.

"కొలిచేరుగా? ఇహ జాతకం కూడా రాయించండి," అనేది వీరవేణి.

"జన్మ నక్షత్రం చెప్పండి, రాస్తానండి."

ఆవిడ తిట్టేది గానీ, ఆయన వెళ్ళాక మళ్ళీ మళ్ళీ కుండ తుడిచేది. కొన్నాళ్ళుగా కుండ నడినెత్తిన మసి అంటుకున్నట్టు ఓ మచ్చ. ఎంత తుడిచినా పోదు. అంచులు కనిపిస్తాయి, మధ్య కనిపించదు. ఆ మాట బయటపెడితే కోడలు శాంతి కుండ ముందు కూచుంటుంది, తను మూల మంచమెక్కాలి. యాభై ఏళ్ళుగా కూచున్న పీట. ప్రాణమైనా ఇస్తుంది గానీ ఆ పీట ఇవ్వదు.

ఓ ఆదివారం చెయ్యి కుండకి తగిలి కాలింది. బాపిరాజు గారు చూసీ చూడనట్టు అన్నారు: "పందెమండి పిన్నిగారూ. రేకు వదిలేసి మీ కన్ను కొలుస్తాను. మంచి కంటికుండే గుంట మధ్యలో కనపడితే, ఈ స్క్రూగేజీ గోదాట్లో పడేస్తానండి."

"నా చేత్తో పడెయ్యనిస్తారా?"

"ఆయ్, తప్పకుండానండి."

ఆ ఒక్క ఆశతో అమలాపురం బస్సెక్కింది వీరవేణి.

ఆసుపత్రి వసారాలో నల్లకళ్ళజోడు పెట్టుకుని పోతురాజు. పక్కన దర్జీ సత్తియ్య. ఆ పక్కన రాజోలు కంసాలి కృష్ణమూర్తి.

"మీరేటండీ ఇక్కడ?"

"దోశతో దొరికిపోయానండి," అన్నాడు పోతురాజు. "నడిమధ్య కనపడక పిండి అక్కడే వదిలేస్తున్నానంట. ఆ రోజు పెరట్లో చెప్పేరు."

"నేను బొత్తాం కాజాలతోనండి," అన్నాడు సత్తియ్య.

"ముక్కుపుడకండి," అన్నాడు కంసాలి.

తిట్టబోయిన వీరవేణి, తిట్టు మింగేసి వాళ్ళ పక్కనే బల్ల మీద కూచుంది. అలా జరగడం ఆవిడ జీవితంలో అదే మొదలు.

మిషను దగ్గర గడ్డం ఓ గిన్నెలాంటి దాంట్లో పెట్టించేరు. "పచ్చచుక్కని చూడండి. రెప్ప వెయ్యకండి."

"రెప్ప వెయ్యకుండా ఉండడానికి నేనేమన్నా పులస చేపనా?"

"మాట్లాడకండి కూడానండి."

"అది మట్టుకు అవదండి."

నాలుగోసారికి బొమ్మ కుదిరింది. తెర మీద కంటి వెనకాల పొరని అడ్డంగా కోసి చూపించినట్టు, ఎరుపూ పసుపూ నీలం రంగుల్లో మడత మీద మడత. వీరవేణి ఓరగా, కంటి కొసతో చూసింది.

"ఇది నా పూతరేకే!"

"ఆయ్. దేవుడు చుట్టిన రేకండి. మంచి కంటికి ఇదిగో ఇక్కడ, వేలితో నొక్కినట్టు చిన్న గుంటుంటుందండి. మీకు దిబ్బ లేచింది. షుగరు వల్ల నీరు పట్టిందండి." నోటుపుస్తకం తీసేరు. "వారం వారం మీ రేకు మధ్య మందం ఎక్కుతోందండి. కనపడక అక్కడ గుడ్డ రెండోసారి లాగుతున్నారు. ఆసుపత్రికి రండంటే వచ్చేవారాండీ?"

"చచ్చినా రాను."

"అందుకేనండి తగువు పెట్టుకున్నాను."

స్క్రూగేజీ గోదాట్లో పడలేదు. వీరవేణికి లేజరు కొట్టేరు, షుగరు మాత్రలు మింగించేరు. అయిదు నెలలకి దిబ్బ దిగి, చిన్న గుంట పడింది. కుండ మీద మచ్చ చాలావరకు విడిపోయింది. పీట వీరవేణి కిందే ఉంది. ఆ ఆదివారం బాపిరాజు గారు రేకు కొలిచేరు. అంచు ఎంతో మధ్యా అంతే. ఎప్పట్లాగే తినకుండా పక్కన పెట్టేరు.

"ఇప్పటికైనా తిని చావచ్చు కదండీ!"

ఆయన స్క్రూగేజీ మర తిప్పేరు. "నాకూ షుగరేనండి. ఆరేళ్ళయింది."

"మరి మీ కంట్లో గుంటుందా, దిబ్బుందా?"

"కొలిపించుకోలేదండి."

"ఏం?"

"భయమండి."

ఊరందరి అప్పడాలూ కొలిచిన మనిషి, చిన్నపిల్లాడిలా చూస్తున్నారు. తిట్టడానికి ఇంత మంచి అదను మళ్ళీ రాదని తెలిసి కూడా వీరవేణి పీట ఆయన పక్కకి జరుపుకుంది.

"రేపు ఆ మిషను ముందు నేను కూచుంటానండి," అన్నారాయన. "మీరొచ్చి వెనకనుంచి నా తల గట్టిగా పట్టుకోవాలి. కదిలితే తిట్టాలండి."

"ఎన్ని తిట్లండీ?"

"ఆ ఒక్కటీ కొలవనండి. మీ ఇష్టం."