చెల్లెలు ఊపిరి తీసుకునే చోటు

చెల్లెలికి చిన్నప్పటి నుంచి ఆస్తమా. జులూల గడ్డ మీది మా ఒట్టావా ఊళ్లో ఉన్నప్పుడు మా అవ్వ ఒక రాముడి పాట నేర్పుతూ చెల్లెలి కోసం ఒక ఏర్పాటు చేసింది. ప్రతి చరణంలో మూడో పాదం పొడుగ్గా సాగుతుంది. దాని మధ్యలో చెల్లెలు ఆగి ఊపిరి తీసుకోవాలి. అంతసేపూ నేను స్వరం నిలపాలి. పాట తెగకూడదు, అంతే. కొన్నాళ్లకి అది మాకు అలవాటైపోయి, ఆగుతున్నామన్న సంగతే మరిచిపోయాం.

పెళ్లయ్యాక చెల్లెలు భర్తతో పాటు చర్చికి మారింది. నేను మారలేదు. పాటలో రాముడి పేరున్న చోట తను ప్రభువు అని పెట్టుకుంది. వరస మాత్రం మార్చలేదు. ఆ విషయం మీద మేమెప్పుడూ పోట్లాడుకోలేదు. చనిపోయే ముందటి చలికాలంలో, అవోకాలో వాళ్లింట్లో, తన భర్త, అంటే మా మరిది, కంప్యూటర్లో ఆ పాట ఒక్కతే పాడి రికార్డు చేసింది.

"నీ చోటు ఖాళీగా పెట్టినా అక్కా. ఛాతీ కొంచెం బెటర్ అయినాక కాల్ చేస్తా, వచ్చి పాడు" అని ఫోన్లో చెప్పింది.

చేయలేదు.

తను పోయి ఏడాది గడిచింది. చర్చిలో జ్ఞాపక ప్రార్థనకి ఆ పాట వేస్తున్నామని మరిది కబురు పెట్టాడు. పాడమనే పిలిచాడనుకున్నాను. ఇంట్లో సాధన చేసుకునే వెళ్లాను. వాళ్ల చిన్న గదిలో బయటి చప్పుడు రాకుండా కిటికీకి పరుపు ఆనించి ఉంది. మైకు ముందు, ఊపిరి చప్పుడు పడకుండా, వంచిన హ్యాంగరుకి తొడిగిన చెల్లెలి స్టాకింగ్ ఇంకా అలాగే ఉంది.

పాట వినిపించాడు. నలుగురు చెల్లెళ్లు పాడుతున్నారు. తన గొంతుకే మూడు నకళ్లు తీసి కొన్నిటి స్థాయి కిందికి, కొన్నిటిది పైకి జరిపాడట. నల్లవాళ్లు, మనవాళ్లు అందరం మొదటిసారి ఒకే ఓట్ల వరుసలో కలిసి నిలబడి అప్పటికి ఎంతో కాలం కాలేదు. వాళ్ల చర్చిలో కొత్తగా జులూ కుటుంబాలు చేరాయి. వాళ్లకి ఎవరూ నేర్పకుండానే పాట నాలుగు గొంతులుగా విడిపోతుంది. దాని పక్కన ఒంటి గొంతు వెలవెలబోతుందని మరిది భయం.

మూడో పాదంలో నలుగురూ ఒక్కసారే ఆగిపోయారు.

"విన్నావా? అందరూ టుగెదర్ స్టాప్. ఫేక్ అని తెలిసిపోతాది" అన్నాడు.

"అది నా చోటు. నేను పాడతాను."

మరిది తెర వైపే చూస్తున్నాడు. "తెలుసు వదినా. చెప్పింది నాకు. పాస్టర్ అడిగినాడు, ఎవరు పాడతారని. నువ్వు బొట్టు పెట్టి లాంప్ వెలిగించే మనిషి. చర్చి సీడీలో ఎట్లా?"

నేను మైకు ముందు నుంచి పక్కకి జరిగాను.

"ఫీల్ అవ్వకు. ఫిక్స్ చేస్తా చూడు."

వేరే చరణంలో తను సాగదీసిన ముక్క కోసి, స్థాయి తగ్గించి, ఖాళీలో అతికించాడు. మిగతా గొంతుల్ని కాస్త వెనక్కి జరిపాడు.

"నిజం మనుషులు కరెక్ట్‌గా కలవరు వదినా. కొంచెం లేట్, కొంచెం తప్పు పెడితేనే రియల్."

మళ్లీ వినిపించాడు. ఆస్తమా లేని చెల్లెలు. ఎక్కడా ఆగలేదు.

చెయ్యి పెట్టని అసలు పాట ఇవ్వమని అడిగాను.

"ప్లెయిన్‌ది ఎందుకు? అది ఫినిష్ కాలేదు కదా" అన్నాడు. ఇవ్వలేదు.

ప్రార్థన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక హాల్లో జరిగింది. జులూ వాళ్లు, మనవాళ్లు కలిసి కూర్చున్నారు. రంగు అడ్డం కాని ఆ హాల్లో నా బొట్టు అడ్డమైంది. చివరి వరుసలో కూర్చున్నాను. మూడో పాదం వస్తుంటే అలవాటు కొద్దీ ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాను. నాలుగు గొంతులూ ఆగకుండా సాగిపోయాయి. తీసుకున్న ఊపిరి వదిలేశాను.

పక్కనున్న అమ్మాయి నా వైపు వంగింది. "ఎంత నైస్ క్వయర్ ఆంటీ. నువ్వు కూడా పాడినావా?"

"లేదు. అంతా మా చెల్లే పాడింది."