రెండు వరుసల కాగితం

రాజాంలో చంద్రమౌళి గారి డీటీపీ షాపుకి పెళ్లి కార్డుల కంటే సరుకుల చీటీల పనే ఎక్కువ. ఆయన నాన్నగారు పురోహితులు. వ్రతానికి కావలసిన సరుకులు ఎన్ని ఉన్నా ఒకే కాగితంలో, రెండు నిలువు వరుసలుగా రాసిచ్చేవారట. మౌళి గారు కంప్యూటర్‌లోనూ అదే పద్ధతి పట్టుకున్నారు. ఇరవై ఏళ్లలో ఏ జాబితానీ రెండో పేజీకి పోనివ్వలేదని గర్వంగా చెప్పుకొనేవారు.

మా అమ్మాయి విశాలికి నాలుగేళ్లు. వేరుశనగ పడదు. పోయినేడాది ఒక్క పలుకు తిని పెదాలు వాచి, ఊపిరందక, శ్రీకాకుళం ఆసుపత్రిలో రెండు రోజులుంది. నేను కెమిస్ట్రీ చదివాను. ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసు. తెలిసినందుకు భయం పెరిగిందే తప్ప తగ్గలేదు. జూన్‌లో దాన్ని బడిలో వేసేటప్పుడు పెట్టదగినవీ, పెట్టకూడనివీ రాసి మౌళి గారికిచ్చాను. అందంగా ఒకే పేజీలో చేసిచ్చారు. సరిగా చూడకుండానే ఫోన్‌లో ఫొటో తీసుకుని బడి వంటగదిలో అంటించాను.

నాలుగో రోజు టీచరు సెలవు. పదకొండింటికి ఆయా తాతమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, ఇయ్యాల చిక్కీలు పంచుతన్నాం. నీ కాగితంలో పదో నెంబరు అదే ఉన్నాది. పాపకి ఒకటి పెట్టనా, రెండా?"

చిక్కీ అంటే వేరుశనగే. పెట్టొద్దన్నాను. ఇంకా పెట్టలేదంది. అయినా ఆటో ఎక్కాను. దారిలో ఫొటో తెరిచి చూశాను. ఎడమ వరుసలో తొమ్మిది పెట్టదగినవి. వాటి కింద, పేజీ అడుగున, 'పెట్టకూడనివి' అన్న శీర్షిక ఒక్కటే మిగిలిపోయింది. దాని కింద ఉండాల్సినవన్నీ కుడి వరుస పైకి ఎక్కి, పది నుంచి మొదలయ్యాయి. చూసేవాళ్లకి అన్నీ పెట్టదగినవే.

బడిలో విశాలి పెదాలు తడిమాను. నాలుక చూపించమన్నాను. ఊపిరి విన్నాను. అది నవ్వింది.

వంటగదిలో అంటించిన కాగితం ఊడదీసి షాపుకి తీసుకెళ్లాను. మౌళి గారు వరుసల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివారు.

"మా నాన్న చీటీల్లో అన్నీ కొనాల్సినవే ఉండేవమ్మా. వద్దన్నది ఒక్కటీ ఉండేది కాదు."

పెట్టకూడనివి వేరే పేజీకి తీసి, ఒకటి నుంచి అంకెలు వేసి, ప్రతి పేరు ముందూ 'వద్దు' అని చేర్చారు. షాపు మూసి నాతో బడికొచ్చారు. రెండు పేజీలూ తాతమ్మ చేతికిచ్చి, పాపకి ఏవి పెట్టకూడదో చదివి చెప్పమన్నారు. ఆమె చదివింది, ఒక్కటీ తప్పలేదు.

"ఇంకోసారి చదువు తల్లీ" అన్నారు మౌళి గారు. చేతిలో ఉన్న జిగురు సీసా మూత ఇంకా తియ్యలేదు.